మొదటి నీళ్లకు మనవాళ్లు

మొన్న వీధిలోకి వచ్చిన మరమ్మతు మనిషి మా మూకుడు పిడికి రాగి రివెట్టు బిగిస్తుంటే, నోట్లో చుట్ట ఆరిపోయిన సంగతి కూడా నాకు తెలీలేదు. టంగు, టంగు, ఆఖర్న ఒక చిన్న టిక్కు. ఆ టిక్కు దానియేలు మేస్త్రీ గారిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది గానీ, ఆ దెబ్బ ఎవరెవరి చేతుల్లోనో ఇంకా బతికే ఉంది.

ధవళేశ్వరంలో కాలవ గట్టున ఇనప పడవలు కట్టే పాకకు ఆయనే పెద్ద. ఎర్రగా కాలిన రివెట్టును పట్టకారుతో గాల్లోనే అందుకుని, దానితో చుట్ట ముట్టించుకుని, అది చల్లారేలోపు రేకుల బెజ్జంలో దిగ్గొట్టేవారు. ఇదివరకు ఈ సంగతి చెప్పినప్పుడు రెండు చుట్టలనేవాణ్ణి. వయసొచ్చింది కదా అని ఒకటి తగ్గించాను. "పక్కలకు గుండు తల రివెట్టు, అడుక్కి చదును తల. అడుగున తల రేకులోకి దిగిపోవాలి, లేకపోతే ఇసుక రాసుకుని అరిగిపోద్ది," అనేవారు. నాకు కొత్తగా పెళ్లయిందని మరో ముక్క కలిపేవారు: "అత్తారింట్లో అల్లుడూ చదును తలేరా వీర్రాజూ. పైకి లేచావా, అరగదీసేస్తారు."

పాకలో ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. పడవ మొదటిసారి నీళ్లలో దిగినప్పుడు, అడుగు బిగించినవాడు తన ఇంటివాళ్లను అందులో కూర్చోబెట్టాలి. తను మాత్రం గట్టు మీదే ఉండాలి. వాళ్ల పక్కన మేస్త్రీ గారు కూర్చుంటారు.

ఆ ఏడు మొదటిసారిగా ఒక పడవ అడుగు నాకు అప్పగించారు. నేనూరుకుంటానా? "పాపికొండల మీంచి జారవిడిచినా చుక్క దిగదండీ," అని అత్తగారి దగ్గర కోతలు కోశాను. చేపల బుట్టతో ఊళ్లేలిన మనిషావిడ. కూతుర్ని పురుటికి తీసుకెళ్లడానికొచ్చింది. "అయితే మా నూకాలూ నేనూ ఎక్కుతాం అల్లుడుగారూ," అంది. ఏడో నెల కడుపుతో నా భార్య నూకాలు పడవెక్కి కూర్చుంది.

కాలవ మధ్యకు వెళ్లాక నూకాలు కేక వినిపించింది. "ఏవండోయ్, కింద తడిగా ఉందండీ! ఎర్రగా ఉంది!"

ఎర్రనీళ్లంటే తుప్పు కడుక్కుని లోపలికొచ్చే కాలవ నీళ్లే. ఏ రివెట్టు? ఆఖరి వరసలో ఒకటి కాస్త చల్లారాక కొట్టానా? పంచె ఎగ్గట్టి దూకేశాను. ఈత రాదన్న సంగతి నీళ్లలో పడ్డాక గుర్తొచ్చింది. మేస్త్రీ గారు వంగి, వేలితో తడి తీసి, వాసన చూసి, నాలిక్కి రాసుకున్నారు.

"దేవుడికి స్తోత్రం. పులుపు కుదిరిందమ్మా, ఉప్పే ఒక రవ్వ తక్కువైంది."

అత్తగారి కొంగు చాటున చేపల పులుసు కుండ ఒరిగి ఉంది.

నీళ్లు నాకు మొలలోతే. అక్కడే నిలబడి ఏడ్చానో, నవ్వానో తెలీదు. పడవ గట్టుకు చేరాక మేస్త్రీ గారు నన్ను లోపలికి పిలిచి, చిన్న సుత్తితో రివెట్టు తలలన్నీ వరసగా తట్టి వినిపించారు.

"విన్నావా? అన్నిటిదీ ఒకటే గొంతు. ఇందాక భయపడ్డావు చూడు, ఆ భయం దాచుకోరా. రేపు ఇంకెవరి ఇంటివాళ్లో ఎక్కుతారు."

దాచుకున్నాను. ఆ తర్వాత ఎన్ని పడవలకు అడుగు బిగించినా, ప్రతి వరస మీదా నాకు నూకాలే కూర్చుని కనిపించేది.

ఇదంతా రాసి ముందు అత్తగారికే చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విని, "అన్యాయం అల్లుడుగారూ," అంది. "ఉప్పు సరిగ్గానే ఉంది."