అడగడానికి ఎత్తిన చెయ్యి

ఈ రోజు సాయంత్రం మా ఫరీదాబాద్ సెక్టార్ పార్కులో మీటింగ్ జరిగింది. ఇళ్లలోని తడిచెత్తను ఇక్కడే ఎరువుగా మార్చాలట. దానికి గుంట ఎక్కడ తవ్వాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు కౌన్సిలర్ గారు. పార్కు మూలన తవ్వుదామని ఎవరో అన్నారు. ఆ మూలకు ఆనుకునే మా వీధిలోని సరోజ్ దీదీ కిటికీ ఉంది, ఆమె నాకు అక్కలాంటిది. దీదీకి ఆయాసం. అందుకే మీటింగుకు కూడా రాలేకపోయింది.

ఇంకో చోటు చూడమని అడుగుదామని చెయ్యెత్తాను. నా గొంతు చిన్నది. పిలిచాక మాట్లాడదామని చెయ్యి అలాగే ఉంచాను. ఇంతలో "పార్కు మూలకు సరేననే వాళ్లు చేతులెత్తండి" అన్నారు కౌన్సిలర్ గారు. నేను దించేలోపే లెక్కపెట్టేశారు. ఒక్క చెయ్యి తేడాతో పార్కు మూలే ఖాయమైంది.

"భయ్యా, నేను అడగడానికి ఎత్తాను" అన్నాను పేర్లు రాస్తున్న ఆయనతో.

"అచ్ఛా! రాసేశాం కదా ఆంటీజీ. పోనీలెండి, మీ తులసికి మంచి ఎరువు!" అని నవ్వాడు.

ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం వెలిగించాను. అప్పుడే దీదీ ఫోన్ చేసింది.

"నా కిటికీ కిందే గుంటట కదా! ఒక్క చెయ్యే ఎక్కువట. ఎవరిదో నీకు తెలుసా?"

"పొద్దున వస్తాను దీదీ" అన్నాను. దేవుడి ముందు నిలబడి తెలీదని అబద్ధమాడలేను కదా. ఆ గుంట వల్ల ఆమెకు ఊపిరాడకపోతే ఆ పాపం నాదే.

ఆమెకు ఎలా చెప్పను? కౌన్సిలర్ గారి దగ్గరికి మళ్లీ ఎలా వెళ్లను? దారి తెలిసినవారు తెల్లారేలోగా ఈ పోస్టు కింద రాయండి. ఈసారి చెయ్యెత్తకుండానే అడుగుతున్నాను.