పదానికి రెండు హద్దులు

మా ఇంట్లో ప్రతి బిడ్డ పేరులోనూ కులదేవుడి పేరు ఉంటుంది. నాయన పేరులో దానికి అప్ప చేరింది, నా పేరులో అమ్మ. అన్న పెద్దకొడుకు కాబట్టి ఆయనకు వట్టి దేవుడి పేరే పెట్టారు. పత్తికొండ వైపు ఇట్లాంటి ఇళ్లు వీధికి నాలుగుంటాయి.

నాయన్ను డయాలిసిస్‌కు కర్నూలు తీసుకుపోయేది అన్నే. అన్న పోయి దివసాలు అయ్యేదాకా చుట్టాలు తీసుకుపోయారు. ఆ తర్వాత మూడో రోజు నేను తీసుకుపోయాను. ఆసుపత్రి కౌంటర్లో నాయన ఆరోగ్య కార్డు పనిచేయలేదు. జాబితాలో ఆయన చనిపోయినట్టు ఉంది, కార్డుల ఆఫీసుకు పొమ్మన్నారు. అప్పటికే నాయన కాళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆఫీసులో జాబితా చూసే ఆయన స్క్రీన్ మీదికి వంగాడు. "మరణాల అప్‌డేట్‌లో పోయిండాదక్కా. నీ పేరు కూడా పోయిండాది."

"చచ్చినోళ్లం ఇద్దరం మెట్లెక్కి వచ్చినామప్పా. ఇంగ యాడికి పొమ్మంటావు?" అన్నాడు నాయన.

జాబితా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

జాబితాల్లో పేర్లు వెతికి మార్చే ఆదేశాలను క్వెరీలంటారు. కల్లూరులో ఒక చిన్న కంపెనీలో నేను రాసేది అవే. అన్న మరణం ఎక్కించడానికి నడిపిన క్వెరీ చూపించమన్నాను. మా ఇంటి నంబరు ఉండి, పేరులో ఎక్కడైనా ఆ దేవుడి పేరు కనిపించిన ప్రతి వరుసా మృతుల్లోకి పోయింది.

"ఇంటి నంబరు పెట్టినా కదక్కా."

"ఇంట్లో అందరికీ అదే పేరు పెడతారని నీకు తెలీదా? నీదీ ఈ జిల్లానే కదా?"

బల్ల మీది బోర్డులో ఆయన పేరు చివరా అప్ప ఉంది.

మార్చే ముందు ఎన్ని వరుసలు వస్తాయో చూడాలి. ఆ పని మొదటి రోజే నేర్పుతారు. కార్డు నంబరుతో వెతికితే ఈ గొడవే ఉండదు. మరణ పత్రంలో ఆ నంబరు రాయలేదంట. అప్పుడు పేరునైనా పూర్తి పదంగా వెతకాలి. వెతికే నమూనాలో, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, పదానికి ముందొక హద్దు గుర్తు, వెనకొక హద్దు గుర్తు పెడితే చాలు, అప్ప, అమ్మ చేరిన పేర్లు రావు. ఆ రెండు గుర్తులు కొట్టడానికి బద్ధకించినందుకు మా నాయన బెంచీ మీద ఆయాసపడుతున్నాడు.

"పొరపాటైందక్కా" అన్నాడు, అదేదో దానంతట అదే అయినట్టు.

నేను చెబుతుంటే ఆయన ఆ గుర్తులు కొట్టాడు. ఈసారి ఒక్క వరుసే వచ్చింది. అన్నది.

"ఇప్పుడు సరిపోయిందాక్కా?"

ఆ వరుసను రెండుసార్లు చదివాను. సరిపోయిందన్నాను. మమ్మల్నిద్దరినీ మళ్లీ బతికున్నవాళ్లలో చేర్చేదాకా ఆయన పక్కనే నిలబడ్డాను.

"పేరు వచ్చిందామ్మా?" అన్నాడు నాయన.

"వచ్చింది నాయనా. లెయ్యి, పోదాం."