మీటరు చూపిన మైనస్ నలభై

తొమ్మిదేళ్లుగా ఒక పెద్దావిడ ముందు తలెత్తి నిలబడలేకపోతున్నాను. ఎందుకో ఆవిడకు తెలియదు. నేను సిగ్గరినని అనుకుంటారు. నా పేరు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు కనుక, అది లేకుండానే మీకు చెబుతున్నాను.

చిలకలగూడ దగ్గర ఒక చర్చిలో గిటార్ వాయిస్తాను. నా స్నేహితుడు ప్రభాకర్ మా కోసం సొంతంగా ఒక వాల్వు యాంప్లిఫయర్ కట్టాడు. పాత రేడియోల్లో వెలుగుతూ ఉండేవే, ఆ గాజు వాల్వులు. అందులో స్పీకరుకు శబ్దం పంపే బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌కి తీగ చుట్టింది వాళ్లమ్మ రత్నం ఆంటీ. ఆవిడ కార్ఖానాలో కాయిల్స్ చుట్టి రిటైరయ్యారు. ఆ తరవాత కూడా చుట్టుపక్కల మెకానిక్‌లు ఇంటికే వచ్చి చుట్టించుకునేవారు. వంద చుట్లకొకసారి బల్ల మీద సుద్దతో గీత గీసేవారు. ఆవిడ చుడుతున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదు. కుక్కర్ కూడా పెట్టనిచ్చేవారు కాదు, విజిల్‌కి లెక్క తప్పుతుందని.

యాంప్లిఫయర్ వెనక చిన్న రంధ్రం, దాని లోపల ఒక స్క్రూ. వాల్వులు అతిగా కరెంటు లాగకుండా అదుపు చేసే మైనస్ వోల్టేజీని ఆ స్క్రూతో కుదురుస్తారు. దాన్నే బయాస్ అంటారు. ప్రభాకర్ మీటరు పెట్టి, దాన్ని మైనస్ నలభై దగ్గర నిలిపి, గుర్తుకు నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాడు. మీటరు లేకుండా ముట్టొద్దని నాకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ముట్టాను.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు రోజులవి. కీబోర్డు ముందు నా గిటార్ వినపడటం లేదని నాకు కుళ్లు. స్క్రూ కొంచెం తిప్పితే శబ్దం చిక్కబడుతుందని ఫోన్లో ఏదో వీడియోలో చూశాను. ప్రభాకర్ రాకముందే తిప్పాను. కొంచెమేనా? ఇక్కడ కూడా అబద్ధమెందుకు, చాలానే తిప్పాను. అరగంట బాగానే మోగింది. ఒకరిద్దరు మెచ్చుకున్నారు కూడా. నాలుగో పాట మధ్యలో వాల్వుల లోపలి రేకులు ఎర్రగా కాగిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ వచ్చింది. ప్రభాకర్ ప్లగ్గు పీకేసి, కిటికీలు తెరవడానికి పరుగెత్తాడు. ఆ ఒక్క నిమిషంలో నేనేం చేశానో తెలుసా? జేబులోని స్క్రూడ్రైవర్ తీసి, స్క్రూని మళ్లీ గీత దగ్గరికి తిప్పేశాను. సరిగ్గా గీత మీదే నిలిపాను. తప్పు చేసేటప్పుడు అంత నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చింది నాకు?

మర్నాడు వాళ్లింట్లో లోపం వెతకడానికి కూర్చున్నాం. నేను టార్చి పట్టుకున్నాను. వాల్వులు తీసేసి, మళ్లీ కరెంటు ఇచ్చి ప్రభాకర్ మీటరు పెట్టాడు.

“బయాస్ మంచిగనే ఉంది రా. మరి ఎందుకు కాలింది?”

“మళ్లొక్కసారి చూడు బిడ్డ,” అన్నారు ఆంటీ, వంటింటి గుమ్మంలోంచి.

“మూడుసార్లు చూసిన మమ్మీ. మైనస్ నలభయ్యే చూపిస్తుంది.”

ఆవిడ వచ్చి కాలిన చుట్లను వేలితో తడిమి చూశారు. తరవాత నా వైపు తిరిగి, “అయితే నా చుట్లల్లనే గల్తీ అయ్యుంటది. జెర కండ్లు మసకైతున్నయ్, ఏడనో లెక్క తప్పిన్నేమో. పిల్లల ముంగట అది పేలితే ఏం గావాలె బిడ్డ?” అన్నారు.

“ఏం పర్వాలేదు ఆంటీ,” అన్నాను.

ఏం పర్వాలేదట! ఆవిడ చేయని తప్పును నేను క్షమించాను.

ఆంటీ మళ్లీ తీగ ముట్టలేదు. వచ్చిన మెకానిక్‌లను కళ్లు బాగోలేవని తిప్పి పంపేశారు. చుట్టే మిషన్‌ని రెజిమెంటల్ బజార్‌లో పాత సామాన్ల కొట్టుకు ఇచ్చేశారు. దాన్ని ఆటో ఎక్కించింది కూడా నేనే. ప్రభాకర్ బజార్లో రెడీమేడ్ ట్రాన్స్‌ఫార్మర్ కొని బిగించాడు. ఆ యాంప్లిఫయర్ మీదే ఇప్పటికీ ప్రతి ఆదివారం వాయిస్తున్నాను. అప్పుడప్పుడూ వాడు “మమ్మీ బాంబు” అని నవ్విస్తాడు. ఆవిడా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొదట్లో ప్రభాకర్‌కి భయపడ్డాను. తరవాత గిటార్ దగ్గర నా చోటు పోతుందని భయపడ్డాను. ఇప్పుడు దేనికి? వాళ్లు కాప్రాకి మారిపోయారు, రెండుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఆవిడ తిడితే భరించగలను. తిట్టరు. అన్నం తిని వెళ్లమంటారు. నాకు ఆ భయమే ఎక్కువ.

ఈ మాట ముందు వినాల్సింది ఆవిడ, మీరు కాదు. అది తెలిసి కూడా మీకే చెబుతున్నాను. చూశారా, ఇందులోనూ పిరికితనమే. అయినా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది, దాచి ఏం లాభం. రత్నం ఆంటీ లెక్క తప్పలేదు. స్క్రూ తిప్పింది నేను.