అన్న రక్తంలోని అంకెలు

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోమని చెప్పే మనిషిని నేను. చేవెళ్లలో ఒక ల్యాబ్ తరఫున ఇళ్లకు వెళ్లి రక్తం తీయడం నా ఉద్యోగం. గాలి సోకడం, దిష్టి తగలడం మా వైపు ఇంటింటికీ ఉన్నవే. నేను మాత్రం గొట్టంలో పట్టి మిషన్‌లో పెట్టగలిగినదాన్నే నమ్మాను. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ మిషన్ చూపించిందే. నా బాధంతా అదే.

మా అన్న యాదయ్య కనకమామిడి దగ్గర ఒక ఫాంహౌస్‌లో వాచ్‌మన్. వాచ్‌మన్ అన్నది పేరుకే. మొక్కలకు నీళ్లు పట్టడం, కుక్కలకు అన్నం పెట్టడం కూడా ఆయన పనే. ఇవి కాక ఇంకో పని ఉండేది. ఆ ఫాంహౌస్ సారుకు పట్నంలో పాత సామాన్ల వ్యాపారం. పాత కరెంటు వైర్లను వ్యాన్‌లో తెచ్చి ప్రహరీ వెనక గుంతలో పోయించేవాడు. వాటిని కాల్చి రాగి తీయాలి. ఆ నల్లటి పొగలో అన్న ముఖానికి తువ్వాల చుట్టుకుని ఏళ్ల తరబడి నిలబడ్డాడు.

దగ్గు మొదలై, దగ్గులో రక్తం పడి, ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. సారు అన్నది ఒకటే మాట: "బీడీలు తాగి తెచ్చుకున్నడు." మా అన్న బతుకులో ఎన్నడూ బీడీ ముట్టలేదు. ఆ వారంలోనే అన్నా వదినా అక్కడ ఉంటున్న గది ఖాళీ చేయించాడు. నేను వెళ్లేసరికి మా వదిన సుగుణ వంట గిన్నెలు గేటు బయట మట్టిలో ఉన్నాయి. ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

అన్నను ఆలూరులో మా ఇంటికి తీసుకొచ్చాం. పట్నంలో పెద్ద దవాఖానలో చికిత్స. రక్తంలో సీఈఏ అని క్యాన్సర్ జాడ చెప్పే ఒక మార్కర్ ఉంటుంది. అన్నకు అది మొదట్లోనే బాగా ఎక్కువగా ఉంది. మందు పనిచేస్తుంటే తగ్గుతుంది, పనిచేయకపోతే పెరుగుతుంది. అందరి విషయంలోనూ దాన్ని నమ్మలేం గానీ, అన్న విషయంలో మాత్రం స్కానింగ్ కంటే ముందే చెప్పేసింది.

ప్రతి కీమోకు ముందు నేనే రక్తం తీసేవాణ్ణి. రిపోర్టు వచ్చేదాకా అన్న గడప దగ్గరే కూర్చునేవాడు. అన్నం పెట్టినా ముట్టేవాడు కాదు. "ఎంతొచ్చింది రా?" అని అదొక్కటే అడిగేవాడు. ఆ అంకెలన్నీ నాకు నోటికి వచ్చు. మొదటి దానికంటే రెండోది ఇంకొంచెం పెరిగింది. మూడోసారి సగానికి పైగా పడిపోయింది. ఆ రోజు వదిన సేమ్యా పాయసం చేసి వాడంతా పంచింది. ఆ తర్వాత ఇక పెరగడమే. ఎండలు ముదిరేసరికి అన్న పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి చితి దగ్గర పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే మాట ఇస్తారు. మటన్, కల్లు, అన్న ఇష్టంగా జుర్రుకునే పచ్చిపులుసు అన్నీ పెట్టాం. కాకి తుమ్మచెట్టు మీద కూర్చుంది గానీ దిగలేదు. అన్న బిడ్డను చదివిస్తానని నేను మాటిచ్చాను. కూలిన గోడ కట్టిస్తానని బాపు చెప్పాడు. కాకి రెక్కలు సర్దుకుంది, అంతే. ఎండ నెత్తికెక్కుతోంది. నీడకు పోదామని మా మేనమామ గొణగడం మొదలుపెట్టాడు.

అప్పుడు వదిన వచ్చి విస్తరి ముందు కూర్చుంది. ఆమె ఏడవడం లేదు.

"నీ లెక్కనే ఆ సారు గూడ సూదికి చెయ్యి చాపుతడు. నీ లెక్కనే రిపోర్టు కోసం పానం అరచేతుల వెట్టుకొని కూసుంటడు. నీది ఎట్ల పెరిగిందో గట్లనే పెరుగుతది, ఎట్ల తగ్గిందో గట్లనే తగ్గుతది. నేను మాటిస్తున్న. ఇగ తిను."

కాకి దిగి తిన్నది. దానికి ఆకలేసిందని అప్పట్లో అనుకున్నాను.

మరుసటి ఏడు సారు పట్నం వదిలి, గాలి మంచిదని ఫాంహౌస్‌కే మకాం మార్చాడు. మా ల్యాబ్‌లో క్యాన్సర్ మార్కర్లతో సహా పెద్ద హెల్త్ చెకప్ బుక్ చేసుకుంటే నన్నే పంపారు. నన్ను గుర్తుపట్టలేదు. మా ముఖాలు ఎప్పుడైనా సరిగా చూస్తే కదా. రిపోర్టులో అన్నీ బాగున్నాయి, సీఈఏ తప్ప. అది మా అన్న మొదటి అంకె. చుక్క తర్వాతి అంకెతో సహా అదే.

శాంపిళ్లు తారుమారయ్యాయి అనుకుందామంటే అన్న రక్తం ఎప్పుడో పారేశారు. సారు భయపడి పట్నంలో ఇంకో ల్యాబ్‌లో చేయించుకున్నాడు. ల్యాబ్ మారి, మిషన్ మారితే ఎంతో కొంత తేడా రావాలి. రాలేదు. స్కానింగుల్లో ఎక్కడా గడ్డ కనిపించలేదు. ఒక్కోసారి కారణం తెలియకుండా పెరుగుతుంది, చూస్తూ ఉందాం అన్నారట డాక్టర్లు. తర్వాతిసారి, నా చేతిలోనే ఏదైనా ఉందేమోనని, మాతో పనిచేసే అమ్మాయిని పంపాను. అన్న రెండో అంకె వచ్చింది.

ఆ రిపోర్టు ఇవ్వడానికి నేనే వెళ్లాను. సారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. వదిన గిన్నెలు పడి ఉన్న చోటే. "జర జల్ది చెప్పు తమ్మీ, పొద్దటిసంది తిండి గూడ పోతలేదు," అన్నాడు. నాకు కడుపు నిండినట్టయింది. దాచుకోవడం ఎందుకు?

పోయిన నెల మూడోది వచ్చింది. మందు లేదు, మాకు లేదు. సగానికి పైగా పడిపోయింది. సారు స్నేహితులను పిలిచి పెద్ద దావత్ ఇచ్చాడు. మర్నాడు షుగర్ పరీక్షకు ఆయన రక్తం తీయడానికి వెళ్తే, కొత్త వాచ్‌మన్ ప్లాస్టిక్ ప్లేట్లన్నీ అదే గుంతలో వేసి కాలుస్తున్నాడు. పొగ వరండా దాకా వస్తోంది.

"చూసినవా తమ్మీ, నేను చెప్పలే? ఈడ గాలి మస్తు మంచిగున్నది," అంటూ సారు చెయ్యి చాపాడు.

"అవును సార్," అని సూది గుచ్చాను. తర్వాత ఏ అంకె వస్తుందో నాకు తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వాకిట్లోకి సేమ్యా వేయించిన వాసన వస్తోంది. ఎవరి రిపోర్టుల సంగతీ నేను ఇంట్లో చెప్పను. ఈ సంగతయితే బయట కూడా ఎవరికీ చెప్పలేదు. వదిన గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తగ్గింది గద ఆయనకు," అన్నది. "మీ అన్నకు తగ్గిననాడు గూడ చేసిన."

ఎవరు చెప్పారని అడగలేదు. పాయసం తిన్నాను.

వచ్చే వారం మళ్లీ ఆయన రక్తం తీయాలి. ఇంకొకరిని పంపమంటే మా మేనేజర్ పంపుతాడు. నేను అడగలేదు. ఒక మనిషి రక్తంలోకి ఇంకో మనిషి అంకెలు ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. కానీ ఆ నాలుగో అంకెను మాత్రం నా కళ్లతో నేనే చూడాలి.