నేను పోవాలనుకున్న భూటాన్

మా సరోజ భూటాన్ పోతాంది! ఆరు నెలలు, గవర్నమెంటు ఖర్చుతో, ఆ దేశపు ఆడవాళ్ళకు మన మగ్గం నేర్పడానికి! ఆర్డరు కాగితం ఈ పొద్దు పదకొండు గంటలకు వచ్చింది. పోస్టుమ్యాను చేత మూడు సార్లు చదివించుకున్నాను, నాలుగోసారి నేనే కూడబలుక్కుని చదివినాను. సంతోషం పట్టలేక ఆయనకు ఇవ్వాల్సిన మజ్జిగ నేనే తాగేసినాను. ఆయన ఖాళీ గ్లాసు వైపు చూసి నవ్వుకుంటూ పోయినాడు. నా కడుపున పుట్టిన బిడ్డ ఇంకో దేశానికి పంతులమ్మగా పోతాంటే ఏ తండ్రి మాత్రం నేల మీద నిలబడగలడు?

అబద్ధమెందుకు, సంతోషం వచ్చి కూర్చున్న చాప మీదనే ఇంకొకటి కూడా వచ్చి కూర్చుంది. కుళ్ళు. ఆ కాగితం మీద ఉండాల్సిన పేరు నాది.

ఈ పత్రికకు యాత్రలు రాసేవాళ్ళు కాశీ రాస్తారు, బదరీ రాస్తారు. నేను ఐదో తరగతి చదివిన నేతగాణ్ణి. నలభై ఏండ్లు ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. డెబ్భై రెండు కరువులో తప్ప నా మగ్గం ఆగింది లేదు, నేను గుంతకల్లు దాటిందీ లేదు. కాబట్టి ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయి వచ్చిన ఒక్కనాటి ప్రయాణమే రాస్తాను. ఇట్లాంటి పిలుపు మీద పోయేవాళ్ళు మనవైపు ఇంకా ఉంటారు, వాళ్ళకు పనికొస్తుంది.

ఆ పిలుపు ఎట్లా వచ్చిందంటే, చేనేత ఆఫీసరు ఒకాయన మా వీధికి వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పినాడు. మన దేశానికి, పక్కనున్న భూటాన్‌కు ఎన్నో ఏండ్ల స్నేహమంట. మనవాళ్ళు పోయి ఆ కొండల్లో రోడ్లు వేసినారంట, కరెంటు ప్రాజెక్టు కడుతున్నారంట. వాళ్ళ పిల్లలు ఇక్కడికొచ్చి చదువుకుంటున్నారంట. ఇప్పుడు మగ్గం వంతు. ఆ దేశం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఆదోనికి వచ్చి మన నేత చూస్తారు, ఒక మనిషిని ఎంచుకుంటారు. అంతే, నా నెత్తిలోకి భూటాన్ ఎక్కింది. ఎంపిక కాకముందే ఆ చలికని నల్ల కంబళి కొనుక్కున్నాను. టీ అంగట్లో నలుగురికి పోయొస్తానని కూడా చెప్పేసినాను. మా పక్క వీధి రుద్రప్ప కూడా పేరిచ్చినాడని తెలిసినప్పటి నుంచి మాత్రం అన్నం సహించలేదు. ఇరవై ఏండ్లుగా రుద్రప్ప నేసిన అంచు బాగుందని ఎవరన్నా అంటే నాకు ఆ పూట తిన్నది అరగదు.

సరోజను తోడు పిలుచుకుపోయినాను. ఆమె నా పెద్ద బిడ్డ, ముప్పై ఏండ్లది, మా వీధిలోనే కాపురం. ఎందుకు పిలుచుకుపోయినానంటే నూలు కండెలు చుట్టి అందివ్వడానికి, సద్దిమూట మోయడానికి. మా ఇండ్లలో మగ్గం మీద కూర్చునేది మగవాడు. నూలు తోడేది, కండె చుట్టేది, పోగులు అతికేది ఆడవాళ్ళు. నేసినవానికి పేరొస్తుంది, తక్కినదాన్ని పని కింద ఎవరూ లెక్కపెట్టరు.

పొద్దున ఆరున్నర బస్సు పట్టుకోవాలి. ఎనిమిది గంటలదైతే పత్తి బేరగాళ్ళతో నిండిపోయి కాలు పెట్టను చోటుండదు. టికెట్టు మనిషికి మూడు రూపాయల లోపే. కండక్టరు వచ్చి, "యాడికి పెద్దాయనా?" అన్నాడు.

"ఇప్పటికి ఆదోనికి. ఆ మీదట భూటాన్‌కు" అన్నాను.

"ఆదోనికైతే రెండు కొడతా. ఆ రెండో ఊరికి మా డిపోలో బస్సు లేదు" అన్నాడు. బస్సంతా నవ్వింది. సరోజ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

దారి పొడుగునా నల్లరేగడి చేలు. గంటంపావుకు ఆదోని కొండ కనబడుతుంది. ఆ కొండ కనబడితే చాలు నాకు మంట మొదలవుతుంది. ఆదోనికి కోట ఉంది, పత్తి మిల్లులున్నాయి, బొంబాయి పోయే రైలు ఊళ్ళో ఆగుతుంది. ఎమ్మిగనూరులో ఇంత గుడ్డ నేస్తామా, దాన్ని రైలెక్కించాలంటే ఆదోనికే మోసుకురావాలి. పక్కపక్క ఊర్లం, సంబంధాలు కలుపుకుంటాం, కానీ ఆ రైలు కూత వింటే మాత్రం నాకు పడదు.

బస్టాండు నుంచి మార్కెట్టు దగ్గరి హాలుకు జట్కా సాహెబు రెండు రూపాయలు అడిగినాడు. సరోజ ఉర్దూలో ఏదో అంది. ఆయన నవ్వి ఒకటిన్నరకు ఎక్కమన్నాడు. మా గోడ అవతల కాపురముండే బీబీ దగ్గర చిన్నప్పుడే నేర్చుకుంది ఆ భాష. నాకు తెలుగు, ఇంత కన్నడం తప్ప రాదు.

"ఏమంటివమ్మా ఆయనతో?"

"ఏం లేదు నాయనా. మా నాయన ఫారిన్ పోతాండాడు, దుడ్లు మిగలబెట్టుకోవల్ల అంటి."

మార్కెట్టు సందులో ఒక పెద్దామె బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడుతుంది. ప్లేటు ముప్పావలా. బొరుగులు మెత్తగా నాని, పైన పుట్నాల పొడి చల్లి, వేడి బజ్జీ నంజుకుంటే ఆదోని మీదున్న కోపం కాస్త తగ్గుతుంది. ఆ పెద్దామె, "యా ఊరప్పా?" అని అడిగింది.

"ఎమ్మిగనూరు."

"ఇంతకు ముందే మీ ఊరాయన ఒకాయన తినిపాయె. రుద్రప్పంట. ఇంగో దేశం పోతాడంట గదా?"

బజ్జీ గొంతులో అడ్డం పడింది. "పోతాడని ఎవరు సెప్పినారు?"

"ఆయనే సెప్పె. సలికి కంబళి గూడా కొన్యాడంట."

సరోజ నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి, "తాగు నాయనా" అంది.

హాలులో తొమ్మిదికన్నారు, మొదలయ్యేసరికి పదిన్నర. నడుమ ఒక చట్రం మగ్గం ఎత్తిపెట్టినారు. మా చుట్టుపక్కల ఊర్ల నేతగాళ్ళం ఎనిమిది మందిమి వరసగా కూర్చున్నాం. రుద్రప్ప ఇస్త్రీ చొక్కాలో ముందు కుర్చీ పట్టుకుని ఉన్నాడు. భూటాన్ ఆడవాళ్ళు ఇద్దరూ మెడ నుంచి మడమల దాకా ఒకే గుడ్డ చుట్టుకుని, భుజాల దగ్గర పిన్నులు పెట్టుకున్నారు. ఆ గుడ్డ మీది పువ్వుల నేత చూస్తే నా కండ్లు కుట్టినాయి. ఎవరు నేసినారని అడిగిస్తే, ఆ ఇద్దరిలో పెద్దది తన వేలు తన రొమ్ము మీదనే పెట్టుకుంది. ఆమె పేరు పేమా. వాళ్ళ దేశంలో నేసేది ఆడవాళ్ళేనని ఆఫీసరు చెప్తే మేమెనిమిది మందిమీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఒక్కొక్కరం ఒక జానెడు నేసి చూపించాలి. నా వంతు వచ్చినప్పుడు కండె పెట్టి నాడెను అటూ ఇటూ పరుగులు పెట్టించినాను. హాలంతా టకటక మోగిపోయింది. పేమా తల ఊపింది. తర్వాత రుద్రప్ప నేసినాడు. భూటాన్ ఆడవాళ్ళలో చిన్నామె రుద్రప్ప అంచును వేలితో తాకి చూసింది. నా గుడ్డను తాకలేదు. ఆ వేలు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

అప్పుడు పేమా మగ్గం వెనక్కు పోయి వంగి చూసి, హిందీలో ఏదో అడిగింది. ఆఫీసరు తెలుగులో చెప్పినాడు: "ఈ పడుగు నేసేసి అయిపోతే, కొత్త పడుగును మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్క పోగే అచ్చు పళ్ళ సందుల్లోంచి ఎక్కించాలా అని అడుగుతున్నారు."

"ఎందుకు? పాత పోగుల కొసలకు కొత్త పోగులు అతుకుతాం. అతికి లాగితే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి" అన్నాను గొప్పగా.

పేమా కండ్లు పెద్దవైనాయి. వాళ్ళ దేశానికి చట్రం మగ్గాలు కొత్తగా వచ్చినాయంట, ఆమె వెతుక్కుంటూ వచ్చింది ఇదేనంట. "అయితే చూపించండి" అన్నాడు ఆఫీసరు.

నేను మగ్గం వెనక కూర్చున్నాను. నలభై ఏండ్లలో నేను అటువైపు కూర్చున్నది అదే మొదలు. పోగు కొస పట్టుకున్నాను, తెగింది. రెండోది జారిపోయింది. మూడోదానికి చెమట చేతులతో ముడి వేసినాను. ముడి వేస్తే అది సందులోంచి జారదని ముడి వేసినాక గుర్తొచ్చింది.

వెనక నుంచి రుద్రప్ప, "ఏమన్నా, మూడు ముళ్ళూ ఏస్తావా? తాళి అనుకుంటివా?" అన్నాడు.

"నువ్వు రా సూద్దాం" అన్నాను.

వచ్చి కూర్చున్నాడు. రుద్రప్ప తెంపింది ఐదు పోగులు. తక్కిన ఆరుగురూ తమ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. అందరి ఇండ్లలోనూ అతికేవాళ్ళున్నారు, అందరూ వాళ్ళను ఇంట్లో పొయ్యి దగ్గర వదిలేసి వచ్చినారు.

"సరోజా" అని పిలిచినాను. అలవాటు కొద్దీ పిలిచినాను, ఇంట్లో పడుగు అయిపోతే పిలిచినట్లే.

సరోజ కొంగు బిగించి కూర్చుంది. పక్కన అగరబత్తి రాల్చిన బూడిద ఇంత వేళ్ళకు రాసుకుంది. పాత కొస, కొత్త కొస కలిపి ఒక్క మెలి, ఒక్క దొర్లింపు, అంతే. ఒకటి, రెండు, పది, ఇరవై. గుక్క తిప్పుకునే లోపల ముప్పై పోగులు అతికేసింది. పేమా ఏదో అడిగింది, ఆఫీసరు దాన్ని తెలుగులోకి మార్చే లోపలే నేల మీద సరోజ పక్కన కూర్చుండిపోయింది. ఆమెకు వచ్చిన హిందీ, సరోజకు వచ్చిన ఉర్దూ ఒకదానికొకటి సరిపోయినాయి. ఇద్దరూ తల తల ఆనించుకుని మాట్లాడుకుంటాంటే, ఆఫీసరుకు పని లేదు, మాకు అర్థం కాదు. రెండు దేశాల స్నేహం నా కండ్ల ముందర జరిగిపోతాంది, నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు.

కాసేపటికి పేమా తన సంచిలోంచి వెదురు కర్రలు, ఒక తోలు పట్టీ తీసింది. వాళ్ళ పాత మగ్గమంతా అంతే. పట్టీ నడుముకు చుట్టుకుని, కాళ్ళు చాపి తన్నిపట్టుకుని నేస్తారు. దాన్ని తన చేతులతో సరోజ నడుముకు కట్టింది. పువ్వు ఎట్లా ఎత్తాలో పుల్లతో చూపించింది. మేము నేర్పుతామని వచ్చినవాళ్ళం, మా బిడ్డనే నేర్చుకుంటాంది.

"నాక్కూడా కట్టమనండి" అన్నాను ఆఫీసరుతో. ఆయన నవ్వాపుకుంటూ చెప్పినాడు. పేమా కట్టబోయింది. పట్టీ నా పొట్ట చుట్టూ తిరిగి రాలేదు.

"పట్టీ సాలదన్నా, బస్సు మీద మూటలు కట్టే తాడు కావల్ల" అన్నాడు రుద్రప్ప.

మూడు గంటలకు ఆఫీసరు లేచి, "సరోజ గారిని ఎంపిక చేసినారు" అన్నాడు. ఈ సరోజ గారెవరా అని నేను వెనక్కు తిరిగి చూసినాను.

సాయంత్రం ఐదుంపావు బస్సుకు తిరిగి వచ్చినాం. రుద్రప్ప వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా, "మా కోడలు గూడా అట్లనే అతుకుతాదన్నా. పిల్చుకురాకపోతి గదా!" అన్నాడు. ఆ ముఖంలో కుళ్ళు స్పష్టంగా కనబడింది. పొద్దుటి నుంచి మొదటిసారి నాకు ఆకలేసింది. మిగిలిన సద్ది ఇద్దరం పంచుకుని తిన్నాం.

అల్లునికి ఏమని చెప్పాలా అని దారంతా దిగులు పడినాను. అతను ఒక్క మాటలో, "పోయి రానీ మామా, పిల్లోళ్ళను నేను సూసుకుంటా" అన్నాడు. అది కూడా నాకు కుళ్ళే. నన్ను నా జన్మలో ఎవరూ అంత సులభంగా యాడికీ పంపలేదు.

దేశాల స్నేహమంటే ఢిల్లీలో పెద్దలు సంతకాలు పెట్టి చేతులు కలపడమనుకునేవాణ్ణి. అది కూడా ఉండాల్సిందే, ఆ సంతకం లేకపోతే పేమా ఆదోని దాకా వచ్చేదే కాదు. కానీ ఆ హాలులో నేను చూసింది వేరే. ఒకామె ఇంకొకామె పక్కన నేల మీద కూర్చుని, ఇది నాకు రాదు, నేర్పమని అడిగింది. నేను ఇన్నేండ్లలో రుద్రప్పను ఆ అంచు ఎట్లా వేస్తావని ఒక్కసారి అడగలేదు. రుద్రప్ప నన్ను అడగలేదు. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క వీధి. ఈ వయసులో అడుగుతానో లేదో, అడగాలని మాత్రం ఉంది. కుళ్ళు పోలేదు, దాన్ని పక్కన పెట్టుకునే అడగాలి.

పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. నేత చూపించమని ఎవరు పిలిచినా, మీ ఇంట్లో పోగులు అతికే మనిషిని తప్పకుండా వెంట పిలుచుకుపోండి, ఆరున్నర బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు ఇప్పించండి.

ఇంక కబురు చెప్పాల్సినవాళ్ళు. గోనెగండ్లలో మా తమ్ముడు, వానికి పొద్దున్నే చెప్పాలి, దినమంతా కుళ్ళు అనుభవించడానికి. ఉరుకుందలో మా పెద్దక్క, ఆమెకు చెప్తే ఊరికంతా చెప్పినట్లే. ఆదోనిలో మా వియ్యంకుడు, రైలు ఉందని మురిసేవాడు, ఆ రైలు ఎక్కేది మా బిడ్డ అని చెప్పాలి. గుంతకల్లులో మేనల్లుడు, స్టేషనులో సరోజకు అన్నం తెచ్చివ్వాలి.

చివరకు కౌతాళంలో మా ఇంటామె ఈరమ్మ. చెల్లెలి కూతురి కానుపుకని ఆదోని ప్రయాణానికి ముందే పోయింది. సరోజ నన్నే చెప్పమంది, కుళ్ళుతో నేను ఏ కబురూ పంపలేదు. పైన ఒక మాట రాయకుండా వదిలేసినాను. ఆ పొద్దు హాలులో పేమా సరోజను, ఇది నీకెవరు నేర్పినారని అడిగిందంట. అడుగుతున్నప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగితే నేను చొక్కా సర్దుకున్నాను. సరోజ "మా అమ్మ" అంది. పేమా ఆ పేరు పుస్తకంలో రాసుకుంది. నలభై ఏండ్లు నా మగ్గం వెనక కూర్చున్న మనిషి పేరు నాకంటే ముందు ఆ దేశం పోయింది. ఈ కబురు ఇంకెవరి చేతా పంపను. రేపు నేనే పోయి, ఎదురుగా కూర్చుని చెప్తాను.