ఒక్క లైను మీద అక్క విండోలు

అక్క చనిపోయిందని కొండ మీది వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. "అక్క పోయిందప్పా. ఆస్పత్రిలోనే. ధర్మవరం తీసకపోతాండారు" అని, ఫోన్ పెట్టేయకుండా అలాగే పట్టుకున్నాడు. అవతలి నుంచి గాలి హోరు మాత్రం వినిపించింది.

వజ్రకరూరు పక్క కొండ మీద, గాలిమరల కంట్రోల్ రూంలో ఆమె ఆపరేటర్. నేను గుంతకల్లు దగ్గర, ఆ మరల కరెంటు వచ్చి చేరే సబ్‌స్టేషన్‌లో. ఇద్దరివీ మనిషి అలికిడి లేని గదులే. వరుసకు ఏమీ కాకపోయినా అక్కా అనే పిలిచేవాణ్ణి.

కొండ మీది పాత కంప్యూటర్‌లోకి వెళ్ళడానికి ఉన్న దారి ఒక్క సీరియల్ పోర్టు, ఒకే తీగ పట్టే పాతకాలపు రంధ్రం. దానికో చిన్న పెట్టె తగిలించి, మా సబ్‌స్టేషన్ నుంచీ సిటీ ఆఫీసు నుంచీ కూడా లోపలికి వెళ్ళేలా నెట్‌వర్కులో పెట్టారు. అయినా ఒకరు లోపలుంటే రెండోవాళ్ళకు చోటుండేది కాదు. అక్క పట్టుబట్టి కూర్చుని, ఆ ఒక్క లైను మీదే వేర్వేరు టెర్మినల్ విండోలు నడిచేలా చేసింది. ఒక విండోలో గాలి వేగం, ఇంకోదాంట్లో మరలను ఆపి నడిపే ఆదేశాలు. ఎవరు ఏం టైపు కొట్టినా అందరికీ కనిపించేది. మధ్యలో లింకు తెగినా లోపలి పని ఆగేది కాదు.

"ఒకరు కొట్టేటప్పుడు ఇంగొకరు చేతులు కట్టుకోని చూడాల. ఇద్దరూ ఒగేసారి మాట్లాడితే దానికేం అర్థమైతాదప్పా?" అనేది.

ఒక విండో మాత్రం పనికోసం కాదు. మధ్యాహ్నం కాగానే దాంట్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పడేది. "తింటివా? ఏం కూర?" ఆమెది ఎప్పుడూ జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. భర్త పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేడు. సెలవు రోజు కూడా డ్యూటీకి వచ్చేది. ఎందుకక్కా అంటే, "ఇంట్లో గోడలు చూస్తా ఎంతసేపు కూసుందు? ఈడ గాలన్నా ఉండాది" అంది.

ఒక వేసవి మధ్యాహ్నం టెక్నీషియన్ మర ఎక్కి పని చేస్తున్నాడు. దూరం నుంచి ఎవరూ మరను నడపకుండా కింద ఉండే స్విచ్చి కట్టేయడం మరిచారు. సిటీ ఆఫీసులో కొత్తగా చేరినతను ఆ సంగతి తెలియక, మరను నడిపే ఆదేశం కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం నా తెర మీదా పడుతోంది. నేను ఫోన్ అందుకునేలోపే అక్క తన నియమం తానే దాటి అదే విండోలోకి వచ్చింది. ఆ వరుసంతా చెరిపేసి, "పైన మనిషి ఉండాడు" అని కొట్టింది.

తర్వాత సిటీ అతనికి ఫోన్ చేసి, "భయపడొద్దు నాయనా. అడిగి కొట్టు, అంతే" అంది. టెక్నీషియన్‌కు మాత్రం చెప్పలేదు. "చెప్తే రేపు ఎక్కేటప్పుడు కాళ్ళు వణుకుతాయి" అంది. అప్పటి నుంచి ఎవరు మర ఎక్కినా ముందు తనే ఎండలో నడిచి వెళ్ళి, స్విచ్చి కట్టించి వచ్చేది.

ధర్మవరంలో అంత్యక్రియలకు వచ్చినవాళ్ళం కొద్దిమందిమి. ఆ టెక్నీషియన్ పాడె మోశాడు. అతనికి ఆ మధ్యాహ్నం సంగతి ఇప్పటికీ తెలియదు. చెప్పాలనిపించింది, చెప్పలేదు.

మర్నాడు డ్యూటీకి వచ్చి లైనులోకి వెళ్ళాను. లోపలున్న వాళ్ళ పేర్లలో అక్క పేరు ఇంకా ఉంది. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు అలాగే వదిలేసినట్టుంది. ఆ పేరు మీదున్న విండో తెరిచి చూశాను. కొండ మీద గాలి గట్టిగానే వీస్తోంది. గాలి వేగం అంకెలు ఒక్కో వరుసగా ఆమె విండోలోకి వచ్చి పడుతున్నాయి, పైకి జరిగి పోతున్నాయి.