పదో వరుసలో ఫెర్

రెజాన్ లాండ్రీకి మాసిన బట్టలు తెచ్చేవాళ్ళు కొందరైతే, ఉతికిన బట్టల్నే మళ్ళీ సంచిలో కుక్కి తెచ్చేవాళ్ళు మరికొందరు. ఈ రెండో రకాన్ని ఆమె గుమ్మంలోనే కనిపెట్టేస్తుంది. వాళ్ళ చూపు వాషింగ్ మెషిన్ల మీద ఉండదు, మూలనున్న ఆటపెట్టె మీద ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ నాటి పెట్టె అది. తెర మీద ఒక నది, నది నిండా దుంగలు, ఆ దుంగల మీద గెంతుకుంటూ పోయే టోపీ మనిషి. పావు డాలర్ బిళ్ళ వేస్తే మూడు ప్రాణాలు ఇస్తుంది. ఆడటానికి ఒక కర్ర, గెంతడానికి ఒక మీట, అంతే. మేన్ రాష్ట్రం పైకొసన, నదికి అవతల కెనడా కనిపించే ఈ కాగితం మిల్లు ఊళ్ళో, తాతల కాలంలో నిజంగానే దుంగలెక్కి వాటిని నది మీద తోలిన వాళ్ళున్నారు. వాళ్ళ మనవలు ఆ నీళ్ళలో కాలు కూడా పెట్టరు గానీ, తెర మీద మునిగితే మాత్రం సొంత ప్రాణం పోయినట్టు అరుస్తారు.

పెట్టెని తెచ్చింది రెజాన్ భర్త ఫెర్నాన్. అందరికీ ఫెర్. పెళ్ళయిన మూడో ఏట ఎక్కడో మూతపడిన హోటల్లోంచి లారీలో వేసుకొచ్చాడు. ఆ స్థలంలో రెండు డ్రయ్యర్లు పట్టేవని రెజాన్ వారం రోజులు సణిగింది. ఆయన మాత్రం సగం మాటలు సైగలతోనే సరిపెట్టే మనిషి. అన్నం బల్ల దగ్గర ఉప్పు కావాలన్నా వేలు చూపించేవాడు. అలాంటివాడు మిల్లులో డ్యూటీ దిగి సరాసరి లాండ్రీకొచ్చి, ఆ పెట్టె ముందు నిలబడితే చాలు, నోరు తెరుచుకునేది. టోపీ మనిషిని బతిమాలేవాడు, బుజ్జగించేవాడు, తిట్టేవాడు. గెలిస్తే కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు వినడానికే రెజాన్ సణుగుడు మానేసింది. ఆ సంగతి ఆయనకి ఎన్నడూ చెప్పలేదు.

ఆట అయిపోయాక తెర మీద పది వరుసలు కనిపిస్తాయి. బాగా ఆడిన పదిమంది అంకెలూ, పక్కన వాళ్ళు ఎక్కించుకున్న మూడేసి అక్షరాలూ. ఒక కాలంలో ఆ పది వరుసల్లోనూ ఎఫ్, ఈ, ఆర్ అనే ఉండేది. ఇంక నిన్ను మేయర్ని చెయ్యడమే తరువాయి అని రెజాన్ ఎద్దేవా చేసేది.

ఆ ఆటలో ఐదు జలపాతాలున్నాయి. ఐదోది దాటితే ఒక చెరువు వస్తుందట. దడదడలాడే సంగీతం ఆగిపోతుందట. టోపీ మనిషి దుంగ మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటాడట. ఓ పది క్షణాలు చుట్టూ నీళ్ళు చూస్తాడట, ఆ తర్వాత దుంగ మెల్లగా మునగడం మొదలవుతుందట. మునిగేలోగా మీట నొక్కి లేపి మళ్ళీ గెంతించాలి. ఇదంతా రెజాన్‌కి విని తెలిసిందే. చెరువు వచ్చినప్పుడల్లా ఫెర్ వెనక్కి తిరిగి "రెజాన్, రా, చూడు" అని కేకేసేవాడు. ఆమె చేతుల్లో ఎప్పుడూ ఎవరి దుప్పటో ఉండేది. "వస్తున్నా" అనేది. మడత పూర్తి చేసి వచ్చేసరికి చెరువు వెళ్ళిపోయేది.

మంచువాన కురిసిన ఏడు తీగలు తెగి, ఊరికి పదకొండు రోజులు కరెంటు లేదు. పెట్టె ఆరిపోయింది. మళ్ళీ వెలిగేసరికి పది వరుసలూ ఖాళీ. రెజాన్ అయ్యో అంది గానీ, ఆయన నవ్వేశాడు. ఆడితే మళ్ళీ వస్తాయిగా అన్నాడు. ఆ పూటే ఒక బ్యాటరీ పెట్టె తెచ్చి బిగించాడు, ఇక ముందు ఏ వాన వచ్చినా ఆరిపోకుండా. నెల తిరక్కుండా మిల్లులో రోలర్ కింద ఆయన కుడిచెయ్యి పడింది. రెండు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఎడంచేత్తో మీట నొక్కుతూ, ప్రతిసారీ మూడో జలపాతం దగ్గరే మునుగుతూ ఆడాడు. ఈలోగా పది వరుసలూ వేరేవాళ్ళ అక్షరాలతో నిండిపోయాయి, ఆయనకి ఒక్క వరుసా దక్కలేదు. నవ్వు కూడా తగ్గింది. రెజాన్‌కి ఆ పెట్టెని చూస్తే ఒళ్ళు మండేది.

అలాంటిది ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చిన జనంతో లాండ్రీ నిండి ఉన్నప్పుడు, ఎడంచేత్తోనే నాలుగో జలపాతం దాటాడు. డ్రయ్యర్లు ఆగి గంటలు మోగుతున్నా ఎవరూ తమ బట్టల వైపు వెళ్ళలేదు. ఆయన వెనక గుంపు కట్టారు. ఐదోది కూడా దాటినట్టున్నాడు, జనం ఒక్కసారి హోరెత్తారు. ఆ హోరులోంచి ఆయన గొంతు వినిపించింది.

"రెజాన్, రా, చెరువు!"

రెజాన్ చేతిలో నాలుగు మూలలా సాగు పట్టీ ఉన్న దుప్పటి. ఆ రకం దుప్పట్లు మడవటం ఎంత తలనొప్పో మడిచినవాళ్ళకే తెలుసు. సగంలో వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. "వస్తున్నా" అంది. జనాన్ని తోసుకుని వెళ్ళేసరికి ఆయన అక్షరాలు ఎక్కిస్తున్నాడు. ఆరో వరుస. నలభై ఎనిమిది వేల ఏడు వందల అరవై. చూశావా అని అడిగాడు. మొహం వెలిగిపోతోంది. రెజాన్‌కి లేదని చెప్పడానికి నోరు రాలేదు. చూశానంది. ఆయన తలూపి, ఆమె భుజం మీద ఆ మూడు వేళ్ళ చెయ్యి వేశాడు.

ఆరు వారాల తర్వాత, ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ ఫెర్ కూలిపోయాడు. డాక్టర్ వచ్చేసరికే అయిపోయింది.

ఆ తర్వాత రెజాన్ ఆ పెట్టెని ఎంత చూసుకుందో చెబితే ఊరు నవ్వుతుంది. రోజూ పొద్దున తలుపు తీయగానే కోటైనా విప్పకుండా వెళ్ళి ఆరో వరుస చూసేది. బ్యాటరీ రెండుసార్లు మార్పించింది. కానీ పది వరుసల పట్టీ ఎవరి కోసం ఆగుతుంది? కొత్తగా ఎవరు బాగా ఆడినా కింది వాళ్ళంతా ఒక మెట్టు దిగాల్సిందే. రెండేళ్ళకి ఫెర్ ఏడో వరుసకి వచ్చాడు. నాలుగేళ్ళకి ఎనిమిది. ఆడొద్దని ఎవరికి చెప్పగలదు? బిళ్ళ వేసి ఆడుకునేవాళ్ళు ఆయనలాగే నవ్వుతున్నారు, ఆయనలాగే టోపీ మనిషిని తిట్టుకుంటున్నారు.

ఒక్క లూసియెన్ మాత్రం ఆమెకి భయం కలిగించలేదు. ఫెర్ పినతండ్రి కొడుకు, మిల్లులో పక్క మిషను మీద పనిచేసినవాడు. ఒకప్పుడు ఊళ్ళో ఫెర్ తర్వాత అంతటి ఆటగాడు. ఇప్పుడేమో ఎంత ఊపు మీదున్నా నాలుగో జలపాతం దాటగానే దబ్బున నీళ్ళలో పడేవాడు. నీ వేళ్ళు కూడా పోయాయా అని రెజాన్ ఆటపట్టిస్తే, వయసయిపోయింది వదినా అని తల గోక్కునేవాడు.

ఐదో ఏట శరదృతువులో రెజాన్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆయన వరుస ఎలాగూ జారుతోంది. తనే ఆట నేర్చుకుని, ఇంకో వరుస కొట్టి, దాని పక్కన ఫెర్ అని ఎక్కిస్తే? పాతది పోయినా పేరు ఉంటుంది. అరవై మూడేళ్ళ వయసులో, జీవితంలో ఒక్కసారి కూడా ముట్టుకోని ఆటని నేర్పమని లూసియెన్‌ని అడిగింది. అతను నవ్వలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున, జనం రాకముందు, ఆమె చేసుకొచ్చిన గోధుమ అట్లు తింటూ పక్కన నిలబడి నేర్పాడు. దుంగని చూడొద్దు, దాని తర్వాతి దుంగని చూడమన్నాడు. మొదటి నెల మొదటి జలపాతమే దాటలేదు. బిళ్ళల డబ్బా ఖాళీ చేసి, మళ్ళీ అవే బిళ్ళలు పెట్టెలోంచి తీసుకుని ఆడింది. క్రిస్మస్ నాటికి మూడోది దాటింది. దాటిన రోజు ఆమె గొంతులోంచి వచ్చిన కేకకి ఆమే సిగ్గుపడింది. ఇంత సరదా ఉందా ఇందులో, ఇన్నేళ్ళు ఆ డ్రయ్యర్ల మధ్య ఏం చేశాను అనుకుంది.

ఈలోగా ఫెర్ తొమ్మిదో వరుసకి జారాడు. మార్చిలో స్కూలు బస్సు నడిపే మార్లీన్, రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో వచ్చి, ఒకే ఒక్క బిళ్ళతో నాలుగో స్థానం కొట్టింది. ఫెర్ పదికి వచ్చాడు. ఇంకొక్కరు ఆడితే చాలు. ఆ రాత్రి రెజాన్‌కి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు మంగళవారం పొద్దున ఆమె బిళ్ళ వేసింది. పక్కన లూసియెన్. అవతల మార్లీన్ ఒక్కతే, డ్రయ్యర్‌లో తువ్వాళ్ళు వేసుకుంటోంది. ఆ పూట రెజాన్ చేతులు ఆమె మాట విన్నాయి. మూడోది దాటింది. నాలుగోది ఒక్క ప్రాణం కూడా పోకుండా దాటింది. లూసియెన్ ఏదో అనబోయి ఆగాడు. ఐదో జలపాతంలో రెండు ప్రాణాలు పోయి, చిట్టచివరి దానితో అవతల పడింది.

సంగీతం ఆగిపోయింది. నది వెడల్పయింది. టోపీ మనిషి దుంగ మీద కూర్చున్నాడు. టోపీ తీశాడు. మోకాలి మీద పెట్టుకున్నాడు. నీళ్ళ మీద లేత గులాబీ రంగు. ఇంతే. ఈ ఇంత కోసమే ఆయన అన్నేళ్ళు కేకలేశాడు. రెజాన్ సంతోషం పట్టలేక వెనక్కి, మడతల బల్ల వైపు తిరిగి పిలిచింది.

"ఫెర్, రా, చూడు!"

లూసియెన్ తల దించుకున్నాడు. దుంగ మునగడం మొదలయిందని అతను చెబితే గానీ ఆమె మీట నొక్కలేదు. ఇంకో నాలుగు దుంగలు గెంతి మునిగింది. నలభై తొమ్మిది వేల నూట ఇరవై. అక్షరాలు అడిగింది పెట్టె. ఎఫ్ ఎక్కించింది, ఈ ఎక్కించింది, ఆర్ ఎక్కించింది.

పట్టీ వచ్చింది. తొమ్మిదో వరుసలో ఫెర్. రెజాన్ కళ్ళు అలవాటుగా కిందికి దిగాయి. పదో వరుసలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అక్షరాలు. నలభై ఎనిమిది వేల ఏడు వందల అరవై ఎక్కడా లేదు.

ఎవరో వచ్చి తోసేస్తారని అయిదేళ్ళు కాపలా కాసిన వరుసని తన చేత్తోనే తోసేసింది. ఇంత తెలిసిన మనిషికి ఆ ముక్క తట్టలేదా అంటే, తట్టలేదు. ఆలోచన పుట్టిననాడు ఆయన ఎనిమిదో వరుసలో ఉన్నాడు, కింద ఇంకా చోటుంది. పేరు నిలబెట్టాలనుకుంది గానీ, ఇన్నాళ్ళూ పొద్దున్నే వచ్చి చూసుకుంటున్నది పేరుని కాదని, ఆయన ఎడంచేత్తో కొట్టిన ఆ అంకెనని ఇప్పుడు తెలిసొచ్చింది.

ఇలా అవుతుందని నీకు ముందే తెలుసు కదా అని లూసియెన్‌ని అడిగింది. తెలుసన్నాడు. మరి చెప్పవేం అంది.

"ఎలా చెప్పను వదినా? నేనైతే మునిగేవాణ్ణి. అయిదేళ్ళుగా మునుగుతూనే ఉన్నా. నిన్ను కూడా మునగమని చెప్పనా? చెరువు చూడబోతున్నావు నువ్వు."

రెజాన్ మళ్ళీ పెట్టె వైపు తిరిగింది. తెర మీద పట్టీ పోయి, ఎవరూ ఆడకుండానే టోపీ మనిషి గెంతుతున్నాడు. చెరువు వచ్చినప్పుడు తన అంకె ఎంత ఉందో ఆమెకి గుర్తొచ్చింది. నలభై ఎనిమిది వేల చిల్లర. ఆట మొదలుపెట్టి ఆరు నెలలైనా కాని తనే చెరువు దాటి నాలుగు దుంగలు పోయింది. ఫెర్ అంతటివాడు అక్కడే ఎందుకు ఆగిపోయాడు?

ఆ మాటే అడిగింది. లూసియెన్ చేతిలో అట్టు ముక్కని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చెప్పకుండా తప్పించుకుందామని చూశాడు. ఆమె మడతల బల్ల దగ్గరే అతని దారికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు వస్తున్నా అన్నావు కదా, అందుకే ఆగాడు. మీట మీంచి చెయ్యి తీసేసి, వెనక్కి తిరిగి నీకేసే చూస్తున్నాడు. మునిగిపోతోందిరా, ఇదే ఆఖరి ప్రాణం, గెంతు అన్నాను నేను. వస్తోంది, ఆగు అన్నాడు. నడుం దాకా నీళ్ళొచ్చాయి టోపీ మనిషికి. అప్పుడు కూడా అదే, వస్తోంది, ఆగు అన్నాడు."

"చూశానని చెప్పాను నేను."

"తెలుసు. నువ్వు చూడలేదని వాడికీ తెలుసు."

అవతల డ్రయ్యర్ ఆగి గంట మోగింది. బస్సుకి వేళయిందేమో, మార్లీన్ డ్రయ్యర్ తలుపు పట్టుకుని లాగుతూ, ఇది బిగుసుకుపోయింది, కాస్త చూడు రెజాన్ అని కేకేసింది.

"వస్తున్నా" అంది రెజాన్, అలవాటు కొద్దీ. ఆ మాట తన చెవిన పడ్డాక ఇక అడుగు కదల్లేదు. మడతల బల్ల అంచు పట్టుకుని అక్కడే కూలబడి, ఫెర్ పోయిన రోజున కూడా ఎవరి ముందూ ఏడవని మనిషి, మార్లీన్ చూస్తుండగా, లూసియెన్ చూస్తుండగా, గొంతెత్తి ఏడ్చింది.